కారు క్షేమం

ఇక తన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు తేల్చి చెప్పిన రోజున ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అయితే కారు ఎవరికిద్దాం?" అని.

పక్క కుర్చీలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్న టీచరమ్మకు ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ముప్పై ఏడేళ్ళ కాపురం. బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసినన్నాళ్ళూ ఆయన ఆదివారాలన్నీ ఆ పాత నీలం కారు కిందే గడిచాయి. "అది నా సవతి" అని నలుగురిలో నవ్వుతూ అనేది. నవ్వు పైకే.

నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ ఆ కారు కొనుక్కుంది. పీడ విరగడైందనుకుంది టీచరమ్మ. నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది. 'మీ కారు క్షేమం. ఎడమ తలుపు మాత్రం మీమీద బెంగతో సరిగ్గా పడటం లేదు' అని మొదలుపెట్టింది ఆవిడ. ఈయన ఫోన్లో మాట్లాడదామంటే ఆవిడ ఒప్పుకోలేదు. కార్ల గురించి ఫోన్లో మాట్లాడటం, కారు నడుపుతూ అన్నం తినడం లాంటిదట. రెండూ చెడతాయట.

అలా ఒక సవతి పోయి ఇద్దరయ్యారు.

రెండేళ్ళుగా అదే వరస. పదిహేను రోజులకో ఉత్తరం. చదవడం టీచరమ్మ పని. రాయడమూ టీచరమ్మ పనే.

"రాయి," అన్నాడాయన ఆ మంగళవారం, గడ్డం గీసుకుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని. "ఈ బ్యాటరీ కార్లు కార్లు కావు. చక్రాలున్న మిక్సీలు."

"మిక్సీ చప్పుడు చేస్తుందండీ. ఇవి చెయ్యవు."

"అడ్డు రాకు, రాయి. చప్పుడు లేని బండినీ, కోపం రాని మనిషినీ నమ్మకూడదు. పెట్రోలు ధర పెరిగిందని టీవీలో గొంతు చించుకునేవాళ్ళలో సగం మందికి టైర్లో గాలి చూసుకోవడం రాదు. అదీ రాయి. ఆవిడ మేడమీద గులాబీలు పెంచుతున్నానంది కదా, మొక్కలు పెంచడం ఓపిక తప్ప సరదా కాదని చెప్పు. సరదా అంటే చేతికి గ్రీజు అంటాలి."

"నేనూ ముప్పై ఏళ్ళు మొక్కలు పెంచాను. ఎప్పుడైనా ఒక్క మాటన్నారా?"

"నువ్వు నన్నెప్పుడు అడిగావు?"

టీచరమ్మ తలవంచుకుని రాసింది.

మర్నాడు ఆమె వెనక వీధిలో మెకానిక్ షెడ్డుకు వెళ్ళింది.

"క్లచ్ ప్లేటు అరిగిపోతే ఎలా తెలుస్తుంది బాబూ?"

"మీకిప్పుడు కారు లేదు కదా టీచరమ్మా?"

"లేకపోతే తెలుసుకోకూడదా? ఆ డ్రైవింగ్ స్కూలావిడకేనా తెలిసేది?"

మెకానిక్ నవ్వాపుకుని చెప్పాడు. ఇంజను రొద పెరుగుతుంది, బండి మాత్రం ఊపందుకోదు. ఎత్తెక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ఆమె చిన్న పుస్తకంలో రాసుకుంది, పిల్లలకు నోట్సు రాసినంత శ్రద్ధగా.

సాయంత్రం టీ ఇస్తూ ఆ ముక్కే ఆయన దగ్గర ఎత్తింది. ఆయన పకపకా నవ్వాడు.

"ఎక్కడ బట్టీ పట్టావు? నువ్వు ఎక్కాలు చెప్పుకో టీచరమ్మా. కార్ల సంగతి తోలినవాళ్ళకు వదిలెయ్."

తర్వాతి వారం, కవరు చించిన చప్పుడు వినగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. టీచరమ్మ చదివింది.

'కారు క్షేమమే కానీ క్లచ్ మొరాయిస్తోంది. రొదే తప్ప పరుగు లేదు, రిటైరైన ఫోర్‌మన్ లాగా.'

ఆయన తొడ చరిచి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"అదీ బుర్రంటే! ఆ ముక్క మళ్ళీ చదువు. నవ్వుకుంటూనే రాసుంటుంది, కదూ?"

"కాగితం మీద నవ్వు కనబడదండీ."

"నాకు కనబడుతోంది."

ఆమె కాగితం మడిచింది. మడత మీద గోరు కాస్త గట్టిగానే పడింది. తను చెప్పిన ఏ మాటనూ ఆయన మళ్ళీ చెప్పమన్న గుర్తు లేదు.

కూతురు ఫోను చేసినప్పుడు తల్లి గొంతును బట్టే సంగతి పట్టేసింది.

"ఇంక చాలమ్మా. నాన్నకి చెప్పెయ్."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. లోపల పెట్టుకుని నువ్వెంతకాలం కుమిలిపోతావు?"

"చెబితే ఆ కుర్చీలోంచి లేవరే. వారమంతటికీ ఆయన గడ్డం గీసుకునేది ఉత్తరం రోజునే."

"మరి నీకు బాధగా లేదూ, ఆవిణ్ణి అంతలా మెచ్చుకుంటుంటే?"

"కుళ్ళుగా ఉంది," అంది టీచరమ్మ. "చాలా."

తర్వాతి మంగళవారం ఆయన జవాబు పొట్టిగా ముగించాడు.

"రాయి. వచ్చే ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. బండి తోలనివ్వక్కర్లేదు. ఒక్కసారి స్టీరింగ్ పట్టుకుని కూర్చోనిస్తే చాలు."

కలం ఆగిపోయింది.

"రాశావా?"

"బస్సులో నాలుగు గంటలండీ. మీ నడుం..."

"నా నడుం సంగతి నేను చూసుకుంటా. ఆవిడంటే నీకు కుళ్ళు, అదీ అసలు సంగతి."

"అవును. కుళ్ళే."

ఆయన గాలిలో తడుముతూ ఆమె చెయ్యి అందుకున్నాడు.

"పిచ్చిదానా. రాసేది ఆవిడే అయినా, నాకు వినబడేది నీ గొంతే కదే."

టీచరమ్మ చెయ్యి విడిపించుకుని ఆ వాక్యం రాసింది. కవరు అంటించి, స్టాంపు అతికించి, మెట్లు దిగింది. వీధి మలుపులో పోస్టు డబ్బా దాటి కొంతదూరం నడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ దాన్ని దాటి ఇంటికొచ్చేసింది. ఉత్తరం చేతిసంచీలోనే ఉంది.

"వేశావా?" అన్నాడాయన. "ఆ తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇవ్వు. ఆదివారానికి."

"ఇస్తానండీ."

డ్రైవింగ్ స్కూలావిడ పోయి పదకొండు నెలలైందని ఆమె ఆయనకు ఇంకా చెప్పలేదు.