మొండోడి గది

ఎవరూ పెంచుకోవడానికి ముందుకు రాని కుక్కలను ఆ జంతు శరణాలయంలో చివరి వరస ఊచల గదుల్లో ఉంచేవారు. దాతలు పంపే డబ్బుతోనే వాటి తిండీ, మందులూ గడిచేవి. వాటిల్లో మొండోడనే కుక్క ఖర్చంతా రిటైరైన ఒక టీచరమ్మ చూసుకునేది. వారం వారం వచ్చి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి వాడి తల నిమిరేది. ఇంకెవరు చెయ్యి చాపినా వాడు పళ్ళు దించేవాడు. ఏళ్ళ తరబడి వాడికి గిన్నెలో కూడు వేస్తున్న ఆయాకి కూడా వాణ్ణి నిమిరే భాగ్యం దక్కలేదు.

పోయిన నెల టీచరమ్మ కన్నుమూసింది. అప్పట్నుంచి మొండోడు సరిగా తినడం మానేశాడు.

ఒక రాత్రి కుక్కలన్నీ ఒక్కసారిగా అరుపు ఆపేశాయి. ఆయా టార్చి పట్టుకుని వెళ్ళింది. మొండోడు ఊచలకు తల ఆనించి, కళ్ళు మూసుకుని తోక ఊపుతున్నాడు. వాడి ఎదుట ఎవరూ లేరు. కానీ వాడి నెత్తి మీది బొచ్చు నుదుటి నుంచి మెడ దాకా అణిగి, మెల్లగా లేచింది. మళ్ళీ అణిగింది.

ఆయా వెనకడుగు వేయలేదు.

"వాణ్ణి తీసుకుపోడానికొచ్చారా, టీచరమ్మా?" అంది.

ఊచల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"నాకూ వీడు తప్ప ఎవరూ లేరండి. ఒక్కసారి ముట్టుకోనివ్వండి."

టార్చి కింద పెట్టి, ఊచల్లోంచి చెయ్యి పోనిచ్చింది. మొండోడు కరవలేదు. వెచ్చని బొచ్చులో ఆమె వేళ్ళకు చల్లని వేళ్ళు తగిలాయి. అవి కాసేపు కదల్లేదు. తర్వాత కొంచెం పక్కకు జరిగి, చోటిచ్చాయి.