గట్టు మీద బకెట్

కాలనీ సెక్రటరీగారు బకెట్‌ను కాలితో తన్నారు.

నీళ్లన్నీ స్విమ్మింగ్ పూల్ గట్టు రాళ్ల మీద పారాయి. పెద్దాయన వంగి బకెట్ నిలబెట్టుకున్నాడు.

రెండో బ్లాకులో చిన్నకూతురి దగ్గర ఉండటానికి ఏడాది కిందట వచ్చాడాయన. పేరేంటో ఎవరూ అడగలేదు. పిల్లలు మాత్రం బకెట్ తాత అనేవారు. సాయంత్రం పిల్లలు ఈత ముగించి వెళ్లగానే కుళాయి నీళ్లు మోసుకొచ్చి, వాళ్లు ఎక్కిదిగే మెట్ల పక్క రాళ్ల మీద పోసేవాడు. నాలుగు బకెట్లు. అంతకు మించి ఆయన నడుం ఒప్పుకునేది కాదు.

సెక్రటరీగారి సంగతి వేరు. మామూలు పూల్‌ని ఉప్పునీటి పూల్‌గా మార్పించిన దగ్గర్నుంచి ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఇప్పుడేమో గట్టు రాళ్లు పెచ్చులూడుతున్నాయి. మూడు వారాల్లో పిల్లల ఈత పోటీలు. జాబితాలో మొదటి పేరు ఆయన మనవరాలిదే. గట్టు బాగుపడకపోతే పోటీలు పక్క కాలనీకి పోతాయి. పరువు కూడా వాటి వెంటే పోతుందని ఆయన బెంగ.

"ఇదంతా ఉప్పు వల్లే బాబూ," అన్నాడు పెద్దాయన. "రాయి తాగేస్తోంది. రోజూ మంచినీళ్లతో కడగాలి. నా చేతనైంది ఈ ఒక్క పక్కే. మిగతా మూడు పక్కలూ ఎవరికైనా చెప్పండి."

"రాయి తాగుతోందా? నువ్వేం తాగొచ్చావ్?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నవ్వకపోతే కారు పెట్టుకునే చోటు మారిపోతుందని వాళ్ల భయం వాళ్లది.

నీళ్లు పోసీ పోసీ ఈ ముసలాయనే రాళ్లను నాననిచ్చి పాడుచేశాడని సెక్రటరీగారు తేల్చేశారు. మూడు పక్కల ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు కదా, అవెలా పాడయ్యాయని ఆ మహానుభావుడికి తట్టలేదు. మర్నాటికల్లా బోర్డు వెలిసింది. సభ్యులు కానివారు పూల్ దగ్గరికి రాకూడదు. బకెట్ వాచ్‌మన్ గదిలోకి పోయింది.

తర్వాత గట్టు చుట్టూ మెరుపు పూత వేయించారు. అద్దంలా ఉందని తనే మురిసిపోయారు. పదో రోజున ఆ పూత బుడగలెక్కింది. రాతి పొరల్ని కూడా పట్టుకుని ఊడింది. ఆ అంచు తగిలి మనవరాలి మడమ తెగింది. మూడు కుట్లు పడ్డాయి.

అప్పుడు దిగింది మత్తు. రాతిపనిలో పేరున్న మేస్త్రీని పిలిపించారు.

మేస్త్రీ గట్టు వెంట గొంతుక్కూర్చుని, ఒక్కో రాయినీ చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు. మూడు పక్కలా బోలుగా మోగాయి. మెట్ల పక్కన మాత్రం ఖంగుమన్నాయి. పూత కూడా చెక్కుచెదరలేదు.

"ఇక్కడ కొత్త రాళ్లు వేశారా సార్?"

"లేదే. అన్నీ ఒక్కసారి వేసినవే."

"అయితే వీటిని ఎవరో రోజూ మంచినీళ్లతో కడిగారు." మేస్త్రీ ఆ రాళ్లను అరచేత్తో నిమిరాడు. ఉప్పు రాతిలోకి దిగి, ఆరినప్పుడల్లా గడ్డకట్టి, లోపల్నుంచే రాతిని చీలుస్తుందని చెప్పాడు. పూత వేసి అది బయటికొచ్చే దారి కూడా మూసేశారన్నాడు. మూడు పక్కలూ పెకలించాలి, రెండు నెలల పని.

పోటీలు పోయినట్టే. సెక్రటరీగారి గొంతు మొదటిసారి దిగింది. ఈలోపే బాగుచేయగల మొనగాడు ఎక్కడా లేడా అని బతిమాలారు.

"ఇంత ముదరకముందైతే ఒకాయన కాపాడేవారు సార్. నాకు పని నేర్పిన గురువుగారు."

"ఎక్కడుంటారు? ఇప్పుడే కారు పంపిస్తా."

"మీ రెండో బ్లాకులోనే ఉండేవారు. ఉన్న ఒక్క పనీ మాన్పించారని పెద్దకూతురి ఊరికి వెళ్లిపోయారు. ఆదివారం నేనే బస్సెక్కించాను."

మేస్త్రీ సుత్తి సంచిలో వేసుకుని లేచాడు.

"ఆయన బకెట్ మీ వాచ్‌మన్ గదిలో ఉందట సార్, ఇప్పిస్తే తీసుకెళ్తాను."