గజ్జెల గుర్రం

పిల్లలూ, మీ చెవిన ఎన్నడూ పడని కథ ఇది. అడవి కావలి కాసే దున్నపోతు ముసలిదైపోతే, దాని బదులు జంతువులన్నీ కలిసి గాలిలా దూసుకుపోయే గుర్రాన్ని పెట్టుకున్నాయి. దాని మెడలో గజ్జెలు కట్టాయి. నెమళ్ళు గుర్రం పక్కన నిలబడి, చెరువులో తమ నీడ చూసుకుని మురిసిపోయాయి.

"మన దొంగలు నక్కలేగా, వాటికింత హంగా?" అంది కాకి.

కౌజుపిట్టకు మాత్రం భయం. తన పిల్లలు ఆ డెక్కల కింద పడతాయేమోనని వాటిని పొద దాటనిచ్చేది కాదు.

ఒకనాడు నక్క ఆ పొదలోనే దూరి, ఒక పిల్లను కరుచుకుని పారిపోయింది. గజ్జెలు ఘల్లుమన్నాయి, దుమ్ము లేచింది. కాసేపటికి గుర్రం అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగొచ్చింది. నక్క జడిసి వదిలేసిన పిల్ల దాని జూలులో ఒదిగి ఉంది.

"వెళ్ళేటప్పుడు అంత జోరు, ఇప్పుడింత నెమ్మదేం నాయనా?" అంది తల్లి.

"దొంగ ముందున్నప్పుడే పరుగు, పిన్నీ. ఇది పిల్లలు తిరిగే దారి కదా."

తల్లి ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రమే పిల్లల్ని దారి మీదికి వదిలింది. "గజ్జెలు వినబడితే మాత్రం పక్కకు తప్పుకోండి" అంది.

మీరున్న చోట మీ తోటివాళ్ళకూ, గజ్జెలు వినబడితే దారివ్వాలన్న ఈ మాట చెప్పండి.