వైనో వేసిన గుర్తు

"ఈ గుర్తు ఎవరిదో తెలిసినవాళ్ళు ఈ గదిలో ఉన్నారా?" అని జడ్జి కర్నో అడిగాడు.

హిల్మా లేవబోయింది. పక్కనున్న లాయరు బుషే ఆమె కోటు అంచు పట్టుకుని ఆపాడు.

"కూర్చోండి టీచర్. మీకు పుణ్యముంటుంది."

సుపీరియర్ రాష్ట్రానికి గవర్నరు ఎవరన్నది మూడు వారాలుగా తేలలేదు. ఓట్లు మూడుసార్లు లెక్కపెట్టారు. చివరికి ట్రెగేర్‌కూ పెంటిలాకూ సరిసమానంగా వచ్చాయి. ఒక్క ఓటు మిగిలింది. పెద్ద సరస్సు ఒడ్డున ఒక చిన్న పల్లెలో పడిన ఓటు. ట్రెగేర్ పేరు పక్కన ఇంటూ గుర్తు ఉండాల్సిన గడిలో రెండు గీతలు, వాటి కింద ఒక కొక్కెం ఉన్నాయి.

వేరే రాష్ట్రంలో అయితే ఆ కాగితాన్ని పక్కన పడేసేవారు. ఇక్కడ కుదరదు. మిషిగన్ నుంచి విడిపోయిన రోజున ఈ రాష్ట్రానికి రాజ్యాంగం రాసుకున్నవాళ్ళు గని కూలీలు, జాలరులు. సగం మందికి సంతకం రాదు. అందుకని అందులో ఒక మాట చేర్చారు. జాలరి తన వలకు పెట్టుకునే గుర్తు వేసినా ఓటు చెల్లుతుంది, ఆ గుర్తు ఎవరిదో తెలిసిన మనిషి లేచి చెబితే. ఎనభై ఏళ్ళుగా ఆ మాటతో ఎవరికీ పని పడలేదు.

"ఎవరూ చెప్పకపోతే ఓటు చెల్లదు," బుషే గుసగుసలాడాడు. "సమానమైతే శాసనసభ తేలుస్తుంది. అక్కడ మనవాళ్ళే ఎక్కువ. రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి, పెంటిలా గవర్నర్ అయిపోయినట్టే. ఊరికే కూర్చోవడం కూడా కష్టమేనా?"

"ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడ్డదాన్ని. కూర్చోవడం నాకు చేతకాదు నాయనా."

"రెండోసారి అడుగుతున్నాను," అన్నాడు జడ్జి.

ఎదురు బల్ల దగ్గర ట్రెగేర్ పాస్టీ, అదే మాంసం కూరిన రొట్టె, తింటున్నాడు. ఒకప్పుడు గనిలో మేస్త్రీ. పొద్దుటి నుంచి ఓడిపోయినవాడిలాగే కూర్చున్నాడు గానీ, ఆకలి మాత్రం తగ్గలేదు. అది మూడో పాస్టీ.

హిల్మా లేచింది.

"అది మా ఆయన గుర్తు."

గదిలో కలకలం రేగింది. బుషే కళ్ళు మూసుకున్నాడు.

జడ్జి కళ్ళజోడు సర్దుకున్నాడు. "టీచర్, ఆలోచించుకునే మాట్లాడుతున్నారా?"

"ఆలోచించకుండా జవాబు చెప్పేది నువ్వు. తొమ్మిదో ఎక్కం ఇప్పటికైనా వచ్చిందా?"

వెనక బెంచీల్లో నవ్వులు. జడ్జి చెవులు ఎర్రబడ్డాయి.

"సగం దాకా వచ్చింది టీచర్. రుజువేమైనా ఉందా?"

ఆమె సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసింది. దానికి ఒక చిన్న చెక్క బెండు కట్టి ఉంది. వల మునిగిపోకుండా కట్టే బెండు. దాని మీద వాత పెట్టిన గుర్తు, రెండు గీతలు, కింద కొక్కెం. జడ్జి దాన్ని ఓటు కాగితం పక్కన పెట్టి చూశాడు. బెండు అంచులు చేతి రాపిడికి నునుపు తేలాయి.

"వైనో ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి," అన్నాడు మెల్లగా.

"ఉంటే నేనే అడిగేదాన్ని. ఓటేసి వచ్చిన నాలుగో రోజున పోయాడు." ఆమె గదంతా కలయజూసింది. "అలా మొహాలు పెట్టకండి. ఆయనకు నచ్చదు."

బుషే లేచాడు. "వైనోకి చదువు వచ్చు! ఇంటూ గుర్తు వేయడం రాదా?"

"వచ్చు. కావాలనే వేశాడు. 'ఎవరికి వేశావని రేపు నువ్వు అడుగుతావు, నేను బొంకుతాను, అందుకే నా గుర్తు పెట్టి వచ్చా' అన్నాడు. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు."

"ట్రెగేర్‌కే ఎందుకు వేశాడట?"

"పెంటిలా గెలిస్తే మనింట్లో చేపల సూపు ఉండదన్నాడు."

జాలరులు బల్లలు చరిచి నవ్వారు. వలల మీద కట్టడి పెడతానని పెంటిలా ఊరూరా చెప్పిన సంగతి అందరికీ తెలుసు. జడ్జి కూడా నవ్వాడు. ఎందుకో అతని కళ్ళు మాత్రం చెమర్చాయి.

"ముప్పై నాలుగేళ్ళ కాపురం," అంది హిల్మా. "ఒక్కసారి కూడా నేను వేసిన వైపు వేయలేదు. ఒకే బండిలో వెళ్ళి, ఒకరి ఓటు ఒకరం కొట్టేసుకుని వచ్చేవాళ్ళం. పెట్రోలు దండగని తిట్టేదాన్ని."

"ఈ ఒక్కసారికి వదిలేయండి టీచర్," బుషే బతిమాలాడు. "పోయినాయనకు ఏం తెలుస్తుంది?"

ఆమె తాళంచెవి కోసం చెయ్యి చాచింది. జడ్జి ఇచ్చాడు.

"ఆయన చేత్తో పెట్టిన ఆఖరి గుర్తు అది. చెల్లదని రాస్తుంటే చూస్తూ కూర్చోలేను."

కిటికీ అవతల మంచు పడుతోంది. జడ్జి కలం తీసుకుని ట్రెగేర్ పేరు కింద ఒకటి కలిపాడు.

"ఓటు చెల్లింది. ఒక్క ఓటు ఆధిక్యంతో ట్రెగేర్ గెలిచాడు."

ట్రెగేర్‌కు పొలమారింది. ఎవరో వీపు మీద చరిచారు. చేతికంటిన పిండి చొక్కాకు తుడుచుకుంటూ, ఏం చేయాలో తెలియక లేచి నిలబడ్డాడు.

ఓడిన అభ్యర్థే ముందు వెళ్ళి చెయ్యి కలపాలన్నది ఆ రాష్ట్రంలో రివాజు. జనం రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు.

హిల్మా పెంటిలా తాళంచెవి జేబులో వేసుకుని, చెయ్యి చాచి ట్రెగేర్ వైపు నడిచింది.