వేయని ఆసు

"చేతిలో ఆసు ఉంటే చాలు, ఆగలేదు మా ఆవిడ!" అన్నాడు భర్త, క్లబ్బులో అందరికీ వినబడేలా. "డమ్మీగా కూర్చోడానికైతే సరిగ్గా సరిపోతుంది."

చుట్టుపక్కల బల్లల దగ్గర నవ్వులు లేచాయి.

బ్రిడ్జి ఆటలో ఇద్దరిద్దరు ఒక జట్టు, ఎదురెదురుగా కూర్చుంటారు. ఇన్ని పట్లు గెలుస్తామని పాడుకుని కాంట్రాక్టు తీసుకున్న జట్టులో ఒకరే ఆడతారు. రెండోవారు తమ ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి, వాటితో అవతలి మనిషి ఏం చేసినా నోరు మెదపకుండా చూస్తారు. వారే డమ్మీ. పెళ్ళయినప్పటినుంచీ ఆమె చేసింది అదే. ఆ మాటకొస్తే, పేక బల్ల దగ్గర మాత్రమే కాదు.

"ఈసారి పోటీలో నాకు జోడీ డెంటిస్టు," అని ప్రకటించాడు భర్త. "నువ్వొచ్చి చూడు. నేర్చుకున్నట్టూ ఉంటుంది."

"వస్తాను. చూడ్డానికి కాదు," అంది ఆమె. "మీ కాంట్రాక్టు పడగొట్టడానికి. పడగొట్టలేకపోతే జన్మలో మళ్ళీ పేక ముట్టుకోను."

"అందరూ విన్నారుగా!" అన్నాడతను చేతులు చాపి.

అందరూ విన్నారు. ఆమె కూడా తన గొంతును మొదటిసారి విన్నట్టు విన్నది.

మర్నాడు వెళ్ళి, రెండు వీధుల అవతల ఉండే పెద్దావిడ తలుపు తట్టింది. ఆవిడ రిటైరైన మత్తుమందు డాక్టరు. కత్తి పట్టినవాళ్ళు పేరు తెచ్చుకుంటుంటే, తలాపున కూర్చుని రోగి ఊపిరి లెక్కపెట్టిన మనిషి. ఒకప్పుడు ఆవిడ ఆడుతుంటే క్లబ్బంతా ఆ బల్ల చుట్టూ మూగేదట. మోకాళ్ళు మొరాయించాక మానేసింది.

"నీ శపథం సంగతి విన్నాను. ఎందుకు చేశావు?"

"ఒళ్ళు మండి."

"మంచిదే. కానీ మంట వాకిట్లో వదిలి రా. ఇంకో సంగతి. బల్ల దగ్గర నన్ను పార్ట్‌నర్ అనాలి. వేరే పిలుపు వినబడిందో, పేక సర్దేస్తాను."

మధ్యాహ్నాలన్నీ ఆ ఇంటి భోజనాల బల్ల మీదే గడిచాయి. ఆవిడ బోధనలో మెచ్చుకోలు లేదు.

"ఆ ఆసు ఎందుకు వేశావు?"

"గెలుస్తుంది కదా అని."

"అది ఎక్కడికి పోతుంది? ఎప్పుడు వేసినా గెలుస్తుంది. ఎప్పుడు వేస్తే అవతలివాడి దారి మూసుకుపోతుందో చూడు. మళ్ళీ పంచు."

ఉన్నదాన్ని వాడకుండా పట్టుకోవడమూ ఒక చర్యేనని ఆమెకు మెల్లగా బోధపడింది. ఇన్నేళ్ళ తన మౌనం అటువంటిది కాదు. అది వట్టి లొంగుబాటు. ఇకమీదట మౌనంగా ఉంటే, అది తాను ఎంచుకున్న ఎత్తు కావాలి.

ప్రత్యర్థిని పెద్దావిడ 'వాడు' అనే అనేది. ఆటలో మన్ననలేమిటి అనేది.

"వాడి ఆట నాకు తెలుసు. మొదటి పట్టుకే ఎగబడతాడు. ఆలోచన తీరిగ్గా వెనకాల వస్తుంది. చిన్నప్పుడు నేర్పినవాళ్ళననాలి."

ఆమె నవ్వు ఆపుకుంది.

పోటీ రోజున జోడీగా వచ్చిన ఆమెనూ పెద్దావిడనూ భర్త మార్చి మార్చి చూశాడు. డెంటిస్టు మాత్రం చేతులు రుద్దుకుంటూ, "భయపడకండి, నొప్పి తెలియకుండా పీకేస్తాం," అన్నాడు.

"మత్తు ఇచ్చేది నేను కదా నాయనా," అంది పెద్దావిడ.

చివరి పంపకం దాకా ఎటూ తేలలేదు. ఆ పంపకంలో తురుపు లేకుండా తొమ్మిది పట్లు గెలుస్తానని భర్త పాడుకున్నాడు. పెద్దావిడ ఇస్పేటు వేసింది. డెంటిస్టు తన ముక్కలు పరిచాడు. అందులో రాజు, రాణి, జాకీలతో బారెడు డైమన్ల వరస. ఆ వరసను తిరిగి చేరుకోవడానికి అక్కడున్న మెట్టు ఒక్కటే, ఇస్పేటు రాజు. భర్త చేతిలో ఇస్పేటు ఆసు ఉంది. దానితో గెలిచి, ఆ మెట్టును దాచుకోవచ్చు. అతను ఆగలేదు.

"రాజు వెయ్," అన్నాడు డెంటిస్టుతో.

పట్టు గెలిచాడు. మెట్టు పోయింది. వెంటనే బల్ల మీంచి డైమన్ రాజును ఆడించాడు.

డైమన్ ఆసు ఆమె దగ్గర ఉంది. ఆమె వేళ్ళు దాని మీదికి పోయాయి, పాత అలవాటు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆమె చిన్న ముక్క వేసింది. పెద్దావిడ తన డైమన్లలో అన్నిటికన్నా చిన్నది వేసింది. తన దగ్గర మూడున్నాయని చెప్పే సంకేతం, ఆటలో అందరికీ తెలిసినదే. అంటే భర్తకు వచ్చినవి రెండే. వాటిలో ఒకటి ఇప్పుడే పోయింది.

రెండోసారి డైమన్ రాణి వచ్చింది. అతని చేతిలోని ఆఖరి డైమన్ దాని కింద పడేవేళకు ఆమె ఆసు బల్ల మీద ఉంది.

మిగిలిన డైమన్లన్నీ గెలిచే ముక్కలే. ఒక్కదాన్ని చేరడానికీ దారి లేదు. డెంటిస్టుకు అంతా తెలుస్తూనే ఉంది. డమ్మీ కాబట్టి నోరు విప్పడానికి లేదు.

కాంట్రాక్టు పడిపోయింది.

"రేపు కూడా పేక ముట్టుకుంటాను," అంది ఆమె, ముక్కలు దగ్గరకు చేర్చుతూ. "ఎల్లుండీ ముట్టుకుంటాను. డమ్మీ కావాలంటే ఇంకెవరినైనా చూసుకోండి."

ఈసారి నవ్వినవాళ్ళు లేరు. ఆట ముగిసిందంటే ఎవరో ఒకరి మీద విరుచుకుపడడం భర్తకు అలవాటు. డెంటిస్టును వదిలేశాడు, ఆమె వంక చూడలేకపోయాడు, చివరికి పెద్దావిడ వైపు తిరిగి ఉక్రోషంగా అడిగాడు:

"నీ కోడలికి నేర్పినదాంట్లో సగమైనా నాకు నేర్పలేదేమమ్మా?"