కొరమీను మీద తడిగుడ్డ

"నీళ్లతో తుడిచినావా? నీకేమన్నా బుద్ధుండాదా?"

ధర్మేంద్ర అరుపుకు వదిన రుక్మిణమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే అన్న కృష్ణమూర్తి. హాల్లో పనిమనిషి చెంగమ్మ బిక్కచచ్చిపోయి నిలబడి ఉంది. బూజు దులుపుతుంటే గోడ మీది పటం కిందపడి అద్దం పగిలింది. గాజు నలుసులు ఎవరి కాళ్లలోనూ గుచ్చుకోకూడదని తడిగుడ్డతో అద్ది తీస్తూ, పనిలో పనిగా లోపలి బొమ్మను కూడా తుడిచేసింది. అదీ ఆమె చేసిన ఘోరం.

ఘోరమే మరి. ఆ నాలుగు చేపల పటాలూ వాళ్ల తాత కార్వేటినగరంలో కొన్నవి. నూరేళ్లు దాటినవి. గీతలు అచ్చువేసి, పొలుసు పొలుసుకూ ఎవరో చేత్తో నీటిరంగులు అద్దిన బొమ్మలు. అద్దం ఉన్నా సరే, వాటి ముందు ఎవర్నీ తుమ్మనివ్వడు కృష్ణమూర్తి.

ధర్మేంద్ర కొరమీను బొమ్మను గుండెకు అదుముకుని ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పోయిన నెలే తను తిరుపతికి మోసుకుపోయి నాలుగింటికీ కొత్త ఫ్రేములు కట్టించుకొస్తే ఇట్లా నాశనం చేస్తుందా అన్నాడు. తడి తగిలితే రంగంతా కారిపోతుందని ఆ మాత్రం తెలీదా అన్నాడు. ఇక ఇదెందుకూ పనికిరాదు, అన్న దీన్ని దగ్గర్నుంచి చూస్తే తట్టుకోలేడు, తనే తీసుకెళ్లి పారేస్తానన్నాడు.

కృష్ణమూర్తికి ఒళ్లు మండిపోయింది. రేపట్నుంచి పనిలోకి రావద్దని చెంగమ్మ మొహం మీదే చెప్పేశాడు. అడ్డం రాబోయిన భార్యనూ కసిరాడు.

ఆ ఇంటి జీతం మీదే చెంగమ్మ పొయ్యి వెలుగుతోంది. అంతవరకూ భయపడ్డ మనిషికి ఒక్కసారిగా కోపం నషాళానికంటింది.

"తీసేస్తే తీసేయండి సామీ. ముందు రంగు యాడ పోయిందో చూపించండి."

ధర్మేంద్ర చేతుల్లోంచి బొమ్మ లాక్కుంది. బల్ల మీద పరిచి, గుడ్డ బకెట్లో ముంచి కసిదీరా రుద్దింది. కృష్ణమూర్తి ఆమె చెయ్యి పట్టుకునేలోగా కొరమీను తల నుంచి తోక దాకా తడిసిపోయింది.

ఒక్క పొలుసు చెదరలేదు. గుడ్డకు చుక్క రంగు అంటలేదు.

రుక్మిణమ్మ హమ్మయ్య అనుకుంది. కృష్ణమూర్తి అనుకోలేదు. గుడ్డను తిప్పి తిప్పి చూశాడు. గోడ మీది మిగతా మూడు పటాలనూ చూశాడు. చెంగమ్మ చెయ్యి వదిలేసి తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

"తాత చేపల్ని యాడ అమ్మినావురా?"