రేకు చప్పుడు

"ఇవాళ రేకు ఇంకా మోగలేదేంటమ్మా?"

తలుపు తీయగానే ఎదురుగా కింది వాటా ముసలాయన. పొద్దున్నే పలకరింపు అది!

కుట్టుపని ఆవిడకి ఒళ్ళు మండింది.

"కాస్త ఆలస్యంగా లేచానండీ. అది కూడా మిమ్మల్ని అడిగి లేవాలా?"

"అబ్బే, ఏం లేదమ్మా" అంటూ ఆయన కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆవిడ ఆయనకి సణుగుడాయన అని పేరు పెట్టింది. చెప్పుకుని నవ్వుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేక, ఆ పేరు కుట్టుమిషనుకే చెప్పుకుంది.

భర్త పోయాక ఆవిడ ఈ మేడమీది వాటాలోకి మారింది. వంటింట్లో పొయ్యి మీదికి కప్పు వాలుగా దిగి ఉంటుంది. పైన చిమ్నీ పెట్టే చోటు లేదు. కుట్టిన బట్టలన్నీ నూనె పొగ వాసన కొడుతున్నాయని గిరాకీలు మొహం చిట్లించడం మొదలుపెట్టాక, వీధి చివర కొట్టు ఫిట్టరుని పిలిచింది. అతను పొయ్యి పక్కనే, పొగని కిందికి లాగేసే ఫ్యాను బిగించాడు.

నేల కింద నుంచి ఇనప గొట్టం. బయటి గోడకి కన్నం. ఆ కన్నానికి రేకు మూత. ఫ్యాను వేస్తే రేకు కిర్రుమని లేస్తుంది, ఆపితే టప్పుమని పడుతుంది. అదీ సరిగ్గా సణుగుడాయన కిటికీకి పైన!

"కిటికీ మూసి మాత్రం ఫ్యాను వెయ్యకండమ్మా" అన్నాడు ఫిట్టరు. "ఇది ఇంట్లో గాలంతా బయటికి తోసేస్తుంది. అంత గాలీ మళ్ళీ ఎక్కణ్ణుంచో రావాలి కదా. కిటికీ మూసుంటే ఆ గోడకున్న గ్యాసు గీజరు గొట్టంలోంచి వస్తుంది, దాని విషప్పొగతో సహా. వాసన కూడా తెలీదు."

"చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతున్నావు. సరేలే" అంది ఆవిడ.

ఒక చలి పొద్దున ఆవిడ కిటికీ మూసేసింది. ఫ్యాను వేసింది. గీజరూ వేసింది.

తల తిరగడం గుర్తుంది. చేతిలోంచి గరిటె జారడం గుర్తుంది. మళ్ళీ కళ్ళు తెరిస్తే ఆసుపత్రి.

తలుపు పగలగొట్టి బయటికి లాగింది ఫిట్టరట.

"నీకెలా తెలిసింది నాయనా?"

"అటుగా పోతుంటే ఎందుకో అనుమానం వచ్చిందమ్మా" అని అతను మొహం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత అతనే గీజరుని బాల్కనీలోకి మార్చాడు. కిటికీ రెక్క పూర్తిగా మూసుకోకుండా అడ్డుచెక్క కొట్టాడు.

ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడే తలుపు చప్పుడు.

"రేకు బాగానే మోగుతోంది కదమ్మా?"

ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. చావు తప్పి వస్తే, ఎలా ఉన్నావని అడిగే దిక్కు లేదు గానీ, ఈయనకి రేకు గొడవ!

వెంటనే ఫిట్టరుకి కబురు పెట్టింది.

"ఆ రేకు చప్పుడు కాకుండా రబ్బరు వేసెయ్. ఈయన పోరు పడలేను."

"మోగితేనే మంచిదేమోనమ్మా..." ఫిట్టరు నసిగాడు.

"నువ్వూ మొదలెట్టావా?"

రబ్బరు వేశాడు. రేకు మూగబోయింది.

పోరు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అప్పటిదాకా ఎప్పుడో గాని రాని మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి తలుపు తట్టేవాడు.

"ఎవరూ?"

"నేనేనమ్మా. ఉన్నావా?"

"ఉన్నాను, ఉన్నాను! ఎక్కడికి పోతాను?"

"అయితే సరే."

మళ్ళీ మెట్ల మీద చెప్పుల చప్పుడు.

కొన్నాళ్ళకి ఆవిడ తలుపు తియ్యడం కూడా మానేసింది. మిషను తొక్కుతూనే "ఉన్నాను!" అని అరిచేది.

ఒకరోజు ఆయన రాలేదు. పీడా పోయింది అనుకుంది.

మర్నాడూ రాలేదు. ఆవిడ మిషను ఆపి తలుపు వైపు చూసింది. "ఉన్నాను" అన్న మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ రోజు తను ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదని పడుకోబోయే ముందు గాని తెలిసిరాలేదు.

చివరికి ఇంటి ఓనరు వచ్చి కింది వాటా తలుపు తీయించాడు. ముసలాయన నిద్రలోనే పోయాడట. ఎప్పుడు పోయాడో చెప్పగలిగిన వాళ్ళు లేరు. ఆయన కనబడడం లేదని గమనించిన మనిషి ఈవిడొక్కతే. మెట్లు దిగి చూడలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ఫ్యాను జల్లెడ శుభ్రం చెయ్యడానికి ఫిట్టరు వచ్చాడు.

"ఆ రబ్బరు తీసెయ్ నాయనా" అంది. "ఇంట్లో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి."

ఫిట్టరు చేతిలోని జల్లెడ కింద పెట్టాడు.

"బిగించిన రోజే రబ్బరు వెయ్యబోయానమ్మా. ఆయనే వద్దన్నారు."

"ఆయనా? ఎందుకు?"

"పైన ఆడకూతురు ఒక్కతే ఉంటోంది, పొయ్యి వెలిగించిందో లేదో నాకు తెలియాలి కదా అన్నారు. మీకు చెప్పొద్దన్నారు. కింద ఒకడు చెవి ఒగ్గి కూర్చుంటాడంటే మీరు ఇబ్బంది పడతారని."

ఆవిడ మిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మరి ఆ రోజు... అటుగా పోతూ వచ్చానన్నావు?"

"నేను కొట్లోనే ఉన్నానమ్మా" అన్నాడు ఫిట్టరు తల వంచుకుని. "కాళ్ళకి చెప్పులైనా లేకుండా ఆయన వీధంతా పరిగెత్తుకొచ్చి, 'రేకు లేచింది, ఎంతకీ పడలేదు, సుత్తి పట్టుకుని రా' అన్నారు."